ఇనుములో పచ్చరాయి: అనంతపురం చేలో దొరికిన ఒక ముద్ద మీద కేస్ స్టడీ

తొలకరి పడితే చాలు, వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల ఎర్రచేలల్లో జనం తలలు దించుకుని నడుస్తుంటారు. వాన మట్టిని కడిగి రాళ్ళను పైకి తేలుస్తుంది, అందులో ఒకటి వజ్రం కావచ్చునని ఆశ. ఆ నెలా నెలన్నర నా బల్ల మీదికి రాళ్ళు వస్తూనే ఉంటాయి. పలుగురాళ్ళు, సీసా పెంకులు, నీళ్ళలో దొర్లి నునుపెక్కిన స్ఫటికాలు. శిలల పరీక్ష నేర్పడం నా ఉద్యోగం. తెచ్చినవాళ్ళు కూలి పోగొట్టుకుని బస్సెక్కి వస్తారు కాబట్టి ఏ రాయినీ చూడకుండా పంపను.

ఈ కేసు వజ్రానిది కాదు. ఉరవకొండ వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన, ఆయన కొడుకు గోనెసంచిలో చుట్టి తెచ్చారు. సంచి బల్ల మీద పెట్టినప్పుడు వచ్చిన శబ్దానికే నేను చేస్తున్న పని ఆపి చూశాను. పీచు తీసిన కొబ్బరికాయంత ముద్ద. నల్లగా, అక్కడక్కడ తుప్పు రంగులో ఉంది. ఒక పక్క పెచ్చు లేచిన చోట ఆకుపచ్చగా మెరుస్తోంది.

"చేన్లో గుంటక తోల్తాంటే తగిలింది సార్. ఇట్లాంటి రాయి మా చుట్టుపక్కల యాడా లేదు. పిడుగురాయి ఇది, పైనుంచి పడిందే" అన్నాడు పెద్దాయన.

కొడుకు ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. వెలుతురుకు ఎదురుగా పట్టిన పలుచటి పలక. వెండిలాంటి లోహపు వలలో తేనెరంగు, పసుపుపచ్చ స్ఫటికాలు. చూసిన ఎవరికైనా మనసు లాగేసే బొమ్మ. "పల్లసైట్ అంట సార్. ఇనుమూ పచ్చరాయీ కలిసి ఉంటాదంట. మాదాంట్లో రెండూ ఉండాయి."

ఆ కుర్రవాడు చెప్పింది తప్పు కాదు. నిజంగానే రెండూ ఉన్నాయి. ఈ కేసు రాయాలనిపించింది కూడా అందుకే.

ఇంకో మాట కూడా చెప్పారు. ఎవరో ఒకతను ఊరికొచ్చి, గ్రాముల లెక్కన కొంటానని, ముందు "టెస్టింగ్" ఖర్చు కింద దుడ్లు కట్టమని అడిగాడట. మన జిల్లాల్లో రైస్ పుల్లింగ్ పేరుతో, పిడుగు పడ్డ చెంబులకు కోట్లు వస్తాయని చెప్పి ఎన్ని కుటుంబాలను ముంచారో తెలిసినవాణ్ణి. రూపాయి కూడా కట్టొద్దని, రాయి ఎటూ పోదని, నాకు పదిహేను రోజులు గడువివ్వమని అడిగాను. పెద్దాయన ఒప్పుకున్నాడు. రసీదు రాసి, రాయి ఫొటోలు నాలుగు వైపులా తీసి, ఒక కాపీ ఆయన చేతికిచ్చాను. పరీక్షకు రాయి తీసుకునేవారెవరైనా ముందు చేయాల్సిన పని ఇది.

వెతుకుతున్నది ఏమిటి

భూమ్మీద దొరికే ఉల్కాశిలల్లో అత్యధికం రాతివి. ఇనుపవి కొద్ది. రాయీ ఇనుమూ దాదాపు సమపాళ్ళలో కలిసినవి మరీ అరుదు, చూస్తుండగా పడ్డవాటిలో నూటికి ఒకటి. వీటిలో రెండు జాతులు. లోహంలో ఆలివిన్ అనే పచ్చటి ఖనిజపు స్ఫటికాలు పొదిగినట్టుంటే పల్లసైట్. పైరాక్సీన్, ప్లాజియోక్లేజ్ అనే ఖనిజాలున్న రాతిముక్కలూ లోహమూ చితికి కలిసిపోయి ఉంటే మీసోసిడరైట్. 1935లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని పత్వార్ దగ్గర పడ్డది రెండో జాతిది. ఫోన్‌లో కుర్రవాడు చూపించింది మొదటిది.

పల్లసైట్ అన్న పేరు పీటర్ సైమన్ పల్లాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త నుంచి వచ్చింది. సైబీరియాలో క్రాస్నోయార్స్క్ దగ్గరి కొండల్లో 1749లో మెద్వెదేవ్ అనే కమ్మరికి దాదాపు 700 కిలోల ముద్ద కనబడింది. అక్కడి తాతార్లు దాన్ని ఆకాశం నుంచి పడిన పవిత్ర వస్తువుగా భావించేవారు. 1772లో ఆ ప్రాంతంలో పర్యటిస్తున్న పల్లాస్ దాన్ని చూసి వివరంగా రాశాడు. చుట్టుపక్కల కొలిమి లేదు, అగ్నిపర్వతం లేదు, మరి ఇంత ఇనుము ఎలా వచ్చింది? ఆ ప్రశ్నను పట్టుకునే 1794లో ఎర్న్‌స్ట్ క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఇలాంటి ముద్దలు అంతరిక్షం నుంచే వచ్చాయని ధైర్యంగా వాదించాడు. అంటే ఉల్కాశాస్త్రానికి పునాదిరాయి ఒక పల్లసైట్. దాన్ని ముందు గుర్తుపట్టింది ఇనుము తెలిసిన ఒక కమ్మరి. "చుట్టుపక్కల కొలిమి లేదు" అన్న ఆ పరిశీలన మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

పోల్చి చూడటానికి నా దగ్గర ఒక అసలు ముక్క ఉంది. సేమ్చాన్ అనే పల్లసైట్ నుంచి కోసిన 62 గ్రాముల పలక, అరచేతిలో సగం. దాని కథ కూడా ఈ కేసుకు పనికొచ్చేదే. రష్యాలోని మగదాన్ ప్రాంతంలో 1967 జూన్‌లో ఒక భూగర్భ శాస్త్రవేత్తకు వాగు రాళ్ళ మధ్య 272 కిలోల ముద్ద దొరికింది. అదే ఏడాది మైన్ డిటెక్టర్‌తో వెతికితే ఇంకో 51 కిలోల ముక్క బయటపడింది. కోసి చూస్తే అంతా లోహమే. ఇనుప ఉల్క అని నమోదు చేశారు. 2004లో మరోసారి వెళ్ళినవాళ్ళు తెచ్చిన ముక్కల్లో కొన్నింటిలో ఆలివిన్ గుత్తులు గుత్తులుగా కనబడింది. ఆ తర్వాత సేమ్చాన్‌ను పల్లసైట్ల ప్రధాన వర్గంలోకి మార్చారు. నిపుణులు చేసిన పొరపాటని దీన్ని నేను అనను. వాళ్ళు కోసిన చోట ఆలివిన్ లేదు, అంతే. ఒక్క కోతతో తీర్పు చెప్పకూడదని నాకు ఈ రాయి నేర్పింది.

బల్ల మీద మొదటి రోజు

అయస్కాంతం ముందు. పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి దగ్గరికి తీసుకెళ్తే ముద్ద వైపు చురుగ్గా ఊగి అతుక్కుంది. అయితే అన్ని వైపులా ఒకేలా కాదు. ఒక పక్క గట్టిగా, ఒక పక్క బలహీనంగా, ఆకుపచ్చ పెచ్చు దగ్గర అసలు లేనట్టే. గాలిలో 1,840 గ్రాములు. దారం కట్టి నీళ్ళలో వేలాడదీస్తే తగ్గిన బరువు 480 గ్రాములు. సాంద్రత 3.8. సేమ్చాన్ పలకను అలాగే తూచితే 5.4 వచ్చింది.

ఈ అంకెల గురించి ఒక మాట. మన దగ్గర బరువుగా ఉన్న ప్రతి రాయినీ ఉల్క అనుకుంటారు. కడప వైపు నుంచి వచ్చే బరువు రాళ్ళలో సగం మంగంపేట ముగ్గురాయే, అంటే బెరైటీస్. దాని సాంద్రత 4.5, రాతి ఉల్కల కంటే ఎక్కువ. కానీ అయస్కాంతం దాన్ని ముట్టదు. డి. హీరేహాళ్ వైపు నుంచి వచ్చే హెమటైట్ అనే ఇనుప ఖనిజం కూడా బరువే, దాన్ని టైల్ వెనకవైపు గరుకు మీద గీస్తే కుంకుమరంగు చార పడుతుంది. మాగ్నటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజం అయస్కాంతానికి అతుక్కుంటుంది, నల్లచార ఇస్తుంది. ఈ ముద్ద వీటిలో ఏదీ కాదని పది నిమిషాల్లో తేలింది. బూడిదరంగు చార, అదీ లీలగా.

పైభాగాన్ని నిదానంగా చూశాను. గాలిలో కాలుతూ వచ్చిన ఉల్కకు పైన పలుచటి నల్లపెంకు ఉంటుంది, వెంట్రుకంత మందం. ఇనుము ఎక్కువున్న ఉల్కల మీద మెత్తటి పిండిముద్దను బొటనవేలితో నొక్కినట్టు గుంటలు పడతాయి. ఈ ముద్ద మీద గుంటలు లేవు. బెల్లం పాకం కారి, మడతలు పడి, గట్టిపడినట్టు ఒక పక్క పేర్పులు పేర్పులుగా ఉంది. విరిగిన చోట చేతిభూతద్దం పెడితే దోసె మీద పడే కన్నాల్లాంటి బుడగలు, చిన్నవీ పెద్దవీ. ఉల్కల్లో బుడగలు చాలా అరుదు. ఇక్కడే నాకు అనుమానం మొదలైంది.

అనుమానం తీర్పు కాదు. ఒక మూల ఆకురాయితో పెసరగింజంత మేర అరగదీశాను. నల్లటి రాయిలో ఆవగింజల్లా తెల్లగా మెరిసే లోహం. ఇనుమే. భూమ్మీద సహజంగా లోహపు ఇనుము దొరకడం ఎంత అరుదో జియాలజీ చదివినవారికి తెలుసు. గాలి, నీరు ఉన్నచోట అది తుప్పుగా మారిపోతుంది. రాతిలో లోహపు ఇనుము చుక్కలు కనబడితే గుండె ఒక్కసారి ఆగినట్టవుతుంది. నాకూ అయింది.

నికెల్ పరీక్ష, అందులో నేను పడ్డ పొరపాటు

ఉల్క ఇనుములో నికెల్ తప్పక ఉంటుంది, సాధారణంగా నూటికి 5 కంటే తక్కువ ఉండదు. సేమ్చాన్ లోహంలో దాదాపు 9 శాతం. దీనికి కారణం ఉంది. ఒక చిన్న గ్రహం లోపల అంతా కరిగినప్పుడు నికెల్ రాతిని వదిలి ఇనుము వెంట పోతుంది. మన భూమిలోనూ అదే జరిగింది, ఉన్న నికెల్‌లో అధికభాగం ఇనుముతో పాటు కేంద్రానికి దిగిపోయింది. పైన మిగిలిన ఇనుప ఖనిజంలో నికెల్ నామమాత్రం. అందుకే మన ఖనిజం కరిగించి తీసిన ఇనుములోనూ ఉండదు.

నికెల్ పట్టుకోవడానికి డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే మందు ఉంది. అరగదీసిన లోహం మీద ఒక చుక్క పలచటి ఆమ్లం వేసి, నిమిషం ఆగి, దూదిపుల్లతో అద్ది, అమ్మోనియా, ఆ మందు తగిలిస్తే నికెల్ ఉన్నచోట గులాబీ రంగు వస్తుంది. సేమ్చాన్ మీద చేస్తే మందారపువ్వంత ఎర్రగా వచ్చింది. ముద్ద మీద చేశాను. లేత గులాబీ.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. నా అనుమానాలన్నీ పక్కనపెట్టి, బుడగలకు కారణాలు వెతకడం మొదలుపెట్టాను. రాత్రి తొమ్మిదింటికి పాత నోటుపుస్తకంలో నా చేత్తో నేనే రాసుకున్న వాక్యం కనబడింది: ఫెర్రస్ ఇనుము కూడా ఈ మందుతో ఎర్రని రంగు ఇస్తుంది. తాజాగా ఆమ్లంలో కరిగిన ఇనుము ఫెర్రస్ రూపంలోనే ఉంటుంది. నేను చూసింది నికెల్ రంగు కాదు, ఇనుము రంగు.

మర్నాడు సరిగా చేశాను. ఆమ్లపు చుక్కలోకి ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క వేయాలి, ఫెర్రస్ అంతా ఈ మందుతో ఎరుపు ఇవ్వని ఫెర్రిక్ రూపంలోకి మారుతుంది. తర్వాత కొంచెం సిట్రిక్ ఆమ్లం, లేకపోతే అమ్మోనియా తగలగానే ఇనుము గోధుమరంగు మడ్డిగా విరిగి రంగును కప్పేస్తుంది. ఆ తర్వాతే అమ్మోనియా, ఆపై గ్లయాక్సిమ్. సేమ్చాన్ మీద మళ్ళీ అదే ఎరుపు, ఈసారి సన్నటి రేణువులుగా దూది మీద నిలిచింది. ముద్ద మీద మూడు చోట్ల చేశాను. దూది తెల్లగానే ఉంది.

ఇంటర్నెట్‌లో చూసి ఈ పరీక్ష చేసుకునేవాళ్ళు చాలామంది పెరాక్సైడ్ మెట్టును వదిలేస్తున్నారు. గులాబీ కనబడగానే సంబరపడుతున్నారు. నా ఇరవై ఏళ్ళ అనుభవం నన్ను కాపాడలేదు, పాత నోటుపుస్తకంలోని ఆ వాక్యం, పక్కన పెట్టుకుని పోల్చిన అసలు ముక్క కాపాడాయి. అసలు ముక్క లేకుండా ఈ పరీక్ష చేయొద్దని నా విద్యార్థులకు చెబుతాను. ఇంకో జాగ్రత్త: నికెల్ ఉన్నంత మాత్రాన కూడా ఉల్క కాదు. స్టెయిన్‌లెస్ స్టీలులో నికెల్ ఉంటుంది.

కోత

పెద్దాయనకు ఫోన్ చేసి, కోయడానికి అనుమతి అడిగాను. "మీదే కదా సార్, కోసుకోండి" అన్నాడు. "నాది కాదు పెద్దాయనా, మీది. అందుకే అడుగుతున్నా" అన్నాను. మూడు చోట్ల కోశాను. సేమ్చాన్ పాఠం మర్చిపోలేదు.

కోసిన ముఖాలను ఎమరీ మీద అరగదీసి, పాలిష్ పెట్టి, నైటాల్ అంటించాను. నత్రికామ్లాన్ని ఆల్కహాల్‌లో పలచన చేసిన ద్రవం అది. సేమ్చాన్ మీద అది చేసే పని ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది. అద్దంలా ఉన్న లోహం మీద అర నిమిషంలో గీతలు లేచాయి. తాటాకు చాప అల్లినట్టు, ఒకదాన్నొకటి కోణంలో దాటుతూ వెండిరంగు పట్టీలు. కామసైట్ పట్టీల మధ్య టీనైట్ సన్నటి అంచులు. నికెల్ తక్కువున్నది కామసైట్, ఎక్కువున్నది టీనైట్. వేడి ముద్ద చల్లారుతున్నప్పుడు నికెల్ అణువులు ఒకచోటి నుంచి ఒకచోటికి నడిచి ఇలా సర్దుకుంటాయి. ఆ నడక ఎంత నెమ్మదంటే, ప్రధాన వర్గం పల్లసైట్లు చల్లారిన వేగం పది లక్షల ఏళ్ళకు కొన్ని డిగ్రీలు మాత్రమే. ఏ కొలిమీ, ఏ ఫ్యాక్టరీ దీన్ని నకలు చేయలేదు. విడ్‌మాన్‌స్టాటెన్ నమూనా అని దీనికి పేరు, 1808లో వియన్నాలో విడ్‌మాన్‌స్టాటెన్ అనే ఆయన దీన్ని గమనించాడు. అంతకు నాలుగేళ్ళ ముందే నేపుల్స్‌లో ఉన్న థామ్సన్ అనే ఆయన, పల్లాస్ ముద్దలోని ముక్కకు తుప్పు వదిలించాలని నత్రికామ్లం పట్టించి ఇవే గీతలు చూశాడు. ఆ లోహంలోనే అక్కడక్కడ కంచురంగు ట్రాయిలైట్, ఇనుపగంధకం. ఆలివిన్ అంచుల వెంట పెళుసైన ష్రైబర్‌సైట్, ఇనుము, నికెల్, భాస్వరం కలిసినది.

మన ముద్ద మీద నైటాల్ అంటిస్తే లోహపు చుక్కలు మసకబారాయి, అంతే. గీత లేదు, పట్టీ లేదు.

సూక్ష్మదర్శినిలో

రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీస్తే వెలుతురు దాని గుండా పోతుంది. ఈ థిన్ సెక్షన్ కింద పెట్టగానే కేసు తేలిపోయింది. ముద్ద నిండా ఆలివినే. ఆ కుర్రవాడు అన్నట్టు ఇనుమూ ఆలివిన్ రెండూ కలిసిన రాయే. కానీ ఆ స్ఫటికాల ఆకారం చూడాలి. పొడవుగా, సన్నగా, దువ్వెన పళ్ళలా వరసలుగా, కొన్ని మధ్యలో డొల్లగా ఉన్నాయి. ద్రవం గబగబా చల్లారితే స్ఫటికం నిండుగా పెరగడానికి సమయం చాలదు, ఇలా ఎముకల గూడులా పెరుగుతుంది. మధ్య సందుల్లో గాజు. పైనుంచి వెలుతురు వేసి చూస్తే ఆ గాజులో వుస్టైట్ అనే ఇనుప ఆక్సైడ్, చింతాకు రెమ్మల్లా కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుని ఉంది. ఇంత అందమైన దృశ్యం సూక్ష్మదర్శినిలో తరచుగా దొరకదు. ఇక పెచ్చు లేచిన చోట కనబడ్డ ఆకుపచ్చ ఆలివిన్ కాదు, గాజు.

సేమ్చాన్‌లోని ఆలివిన్ ఇలా ఉండదు. గోరంత, వేలిగోటికి రెట్టింపంత నిండు స్ఫటికాలు, లోపల తేటగా, పసుపుపచ్చగా.

ఇనుప చిట్టెం. అదీ మన ముద్ద పేరు. ఖనిజం నుంచి పాతకాలపు కొలిమిలో ఇనుము తీసినప్పుడు కారిపోయి గట్టిపడిన మడ్డి.

ఒకే పేరున్న రెండు ఖనిజాలను విడదీసే అసలు కీలకం కూర్పులో ఉంది. ఆలివిన్ అంటే మెగ్నీషియం, ఇనుము, సిలికా. మెగ్నీషియం చివర ఫార్‌స్టెరైట్, ఇనుము చివర ఫాయలైట్, మధ్యలో ఎన్ని పాళ్ళైనా ఉండొచ్చు. ప్రధాన వర్గం పల్లసైట్లలో ఫార్‌స్టెరైట్ పాలు దాదాపు 88 శాతం. ముద్దలోని ఆలివిన్‌ను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పంపిస్తే, మెగ్నీషియం దాదాపు లేని ఫాయలైట్ అని వచ్చింది. లోహపు చుక్కల్లో నికెల్ కనబడలేదు.

ఇది ఇలాగే ఎందుకుండాలో కూడా చెప్పొచ్చు. బొగ్గు కొలిమి, తిత్తులు ఊదితే వచ్చే వేడి 1,200 డిగ్రీల చుట్టూ. ఫాయలైట్ కరిగేది దాదాపు 1,205 డిగ్రీల దగ్గర. శుద్ధ ఫార్‌స్టెరైట్ కరగాలంటే 1,890 డిగ్రీలు కావాలి. ఆ వేడి పాత కొలిమికి సాధ్యం కాదు. కొలిమిలోని 1,200 డిగ్రీల వేడిలో ఇనుము కూడా కరగదు, మెత్తటి ముద్దగా మిగులుతుంది. చుట్టూ ఉన్న ఇసుకతో, మట్టితో కలిసి కొంత ఇనుప ఆక్సైడ్ ఫాయలైట్‌గా కరిగి కారిపోతేనే ఆ ముద్ద బయటకు వస్తుంది. కొంత ఇనుము మడ్డికి బలి ఇస్తేనే మిగతా ఇనుము చేతికొస్తుంది. అలా పోయిన ఇనుములో ఆవగింజంత చుక్కలు కొన్ని చిట్టెంలోనే చిక్కుకుపోయాయి. వాటినే నేను ఆకురాయితో బయటపెట్టాను.

మూడో ఆలివిన్ కూడా మన జిల్లాలోనే ఉంది. వజ్రకరూరు, లత్తవరంలోని కింబర్లైట్ అనే శిల గొట్టాలు దాదాపు 110 కోట్ల ఏళ్ళ నాడు లోతుల్లోంచి పైకి పొంగినవి. వజ్రాలతో పాటు అవి భూమి మాంటిల్‌లోని, అంటే పైపెంకుకూ లోహపు కేంద్రానికీ మధ్యనున్న రాతిపొరలోని, మెగ్నీషియం నిండిన ఆలివిన్‌ను మోసుకొచ్చాయి. అందులో ఎక్కువ భాగం నీటితో కలిసి సర్పెంటైన్ అనే ఖనిజంగా మారిపోయింది, ఆకారం మాత్రం మిగిలింది. కూర్పులో పల్లసైట్ ఆలివిన్‌కు దగ్గరి చుట్టం ఇదే, చిట్టెం ఆలివిన్ కాదు. ఎందుకంటే పల్లసైట్ ఆలివిన్ కూడా ఒక మాంటిల్‌దే. 450 కోట్ల ఏళ్ళ నాడు ఏర్పడి తర్వాత బద్దలైపోయిన ఏదో చిన్న గ్రహపు మాంటిల్.

ఆ గ్రహంలో ఎక్కడ కలిశాయి ఈ రెండూ? లోహపు కేంద్రమూ రాతి మాంటిల్ కలిసే సరిహద్దు అని చాలాకాలం చెప్పుకున్నారు. ఆ లెక్క సరిపోవడం లేదు. ఒకే సరిహద్దు దగ్గర ఉంటే అన్నీ ఒకే వేగంతో చల్లారాలి, కానీ ఒక్కో పల్లసైట్ ఒక్కో వేగంతో చల్లారింది. 2012లో ఇమిలాక్, ఎస్క్వెల్ పల్లసైట్ల ఆలివిన్ లోపలి సన్నటి లోహపు రేణువుల్లో పాత అయస్కాంత క్షేత్రం గుర్తు దొరికింది. కేంద్రం ఇంకా ద్రవంగా తిరుగుతూ క్షేత్రం పుట్టిస్తుండగానే ఆ రేణువులు చల్లారాయంటే, అవి కేంద్రానికి దూరంగా, పైన ఉండి ఉండాలి. ఇంకో గ్రహశకలం గుద్దుకుని దాని లోహం మాంటిల్‌లోకి జొరబడి ఉండొచ్చునన్నది అప్పటి నుంచి బలపడిన ఆలోచన. నాకు అదే ఎక్కువ సబబుగా తోస్తుంది.

చెప్పడం, చూడటం

ఫలితం ఫోన్‌లో చెప్పలేదు. ఊరికే వెళ్ళాను. చేను చూడాలన్నది ఒక కారణం, ఇంత ఆశ పెట్టుకున్న మనిషికి ఎదురుగా కూర్చుని చెప్పాలన్నది ఇంకోటి. సూక్ష్మదర్శిని ఫొటోలు ప్రింట్ తీసుకెళ్ళాను. చింతాకు రెమ్మల బొమ్మను పెద్దాయన చాలాసేపు చూశాడు.

"అంటే పైనుంచి పడలేదు."

"లేదు పెద్దాయనా. ఇనుప చిట్టెం ఇది. మీ చేను దగ్గర ఎప్పుడో ఇనుము తీశారు."

ఆయన వెంటనే ఏమీ అనలేదు. కొడుకు ముఖం పాలిపోయింది. కాసేపటికి పెద్దాయనే అన్నాడు, "దాన్ని చిట్టేలదిన్నె అంటాం సార్. మా నాయన కాలం నుంచీ అదే పేరు. చిట్టెం అంటే ఇదని నాకు తెల్దు."

ముగ్గురం చేలోకి వెళ్ళాం. బుడ్డలు వేయడానికి దున్ని పెట్టిన ఎర్రనేలలో, గట్టు దగ్గర నల్లగా ఎత్తుగా ఉంది దిన్నె. కాలితో కదిపితే చిట్టెం పెంకులు, బొగ్గు నుసి. కుర్రవాడికే దొరికింది అసలు రుజువు: బొటనవేలు పట్టేంత కన్నం ఉన్న కాల్చిన మట్టిగొట్టం ముక్క, ఒక చివర గాజులా కరిగిపోయి ఉంది. తిత్తి గాలిని కొలిమిలోకి పంపే గొట్టం కొస అది. ఆ కరిగిన చివర ముదురు ఆకుపచ్చ. ముద్ద మీది ఆకుపచ్చ గాజు ఎక్కడిదో అక్కడ తెలిసింది. పల్లాస్ వెతికి లేదన్న కొలిమి ఇక్కడ ఉంది.

ఆ గొట్టం ముక్క అరచేతిలో పెట్టుకుని ఆ పిల్లవాడు అడిగిన ప్రశ్నలు, మూడేళ్ళ డిగ్రీ చదివినవాళ్ళు కూడా నన్ను అడగలేదు. ఖనిజం ఎక్కణ్ణుంచి తెచ్చారు, బొగ్గుకు ఏ చెట్టు కొట్టారు, ఎంతమంది ఊదాలి. కొన్నింటికి దిన్నె జవాబు చెప్పగలదు. బొగ్గు నుసికి కార్బన్ పరీక్ష చేయిస్తే కాలం తేలుతుంది. అందుకే ఆ భాగం దున్నొద్దని, గట్టుగా వదిలేయమని అడిగాను. వదిలేస్తానన్నాడు పెద్దాయన. పిడుగురాయి అని రావిచెట్టు కింద పెట్టి పూజించే రాతిగొడ్డళ్ళు కూడా ఒకటి రెండు అదే చేలో దొరికాయట, గుడి దగ్గర ఉన్నాయని చూపించాడు. కొత్త రాతియుగం వాళ్ళు నునుపుగా సానపట్టిన గొడ్డళ్ళు. వాటిని కదపలేదు, ఫొటో తీసుకున్నాను.

ముద్దలో రెండు భాగాలు ఆయనకు తిరిగి ఇచ్చాను, ఒక పలక అనుమతితో ల్యాబ్‌లో ఉంచుకున్నాను. లిఖితపూర్వకంగా నివేదిక తెలుగులోనే రాసి, సంతకం చేసి ఇచ్చాను. డబ్బు అడిగిన మనిషి మళ్ళీ వస్తే ఆ కాగితం చూపించమన్నాను. నిజంగా ఉల్కాశిల దొరికితే దానికి సంరక్షణ బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాదని, 2008లో హోసూరు దగ్గర సూలగిరిలో పడ్డ ముక్కల్లాంటివి అక్కడికే చేరాలని, మధ్యలో ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదని ఊళ్ళో నలుగురికీ చెప్పి వచ్చాను.

వచ్చాక నా రసీదు పుస్తకంలో ఒక గడి చేర్చాను. రాయి తెచ్చినవారి ఊరు, దొరికిన తేదీ, లోతు, ఇవన్నీ అడిగేవాణ్ణి. ఇప్పుడు అన్నిటికంటే పైన "చేను పేరు" అని ఉంటుంది.